గ్రహణి: అందరికీ ఒకే మందు పనికిరాదు

చీడికాడ నుండి అనకాపల్లికి బస్సెక్కవలసిన ఉదయమే కొందరికి కడుపులో మెలిపెట్టినట్లు నొప్పి, రెండు మూడు మార్లు విరేచనం, అయిన పిమ్మట కొంత ఉపశమనం. మరికొందరికి నాలుగు రోజులైనా విరేచనం సాఫీగా కాదు. పరీక్షలలో ఏ దోషమూ కనిపించదు. ఈ బాధ నెలల తరబడి వస్తూ పోతూ ఉంటే ఆధునిక వైద్యులు ఐ.బి.ఎస్. అంటారు. చరక సంహితలోని గ్రహణీ రోగ లక్షణాలు కొన్ని దీనిని పోలి ఉన్నాయి.

అయితే మన ఇళ్లలో చాలామంది దీనిని 'అమీబా' అనుకొని, మెట్రోనిడజోల్ మాత్రలను సొంతంగా పదే పదే మింగుతారు. ఇది ఐ.బి.ఎస్.ను నయం చేయదు. పైగా దీర్ఘకాలం వాడితే నరాలు దెబ్బతిని కాళ్లు చేతులు తిమ్మిరెక్కవచ్చు. కనుక బాధ స్వభావాన్ని బట్టి మందును నిర్ణయించుకోవాలి.

మలబద్ధకం ప్రధానమైతే: ఇసబ్‌గోల్ పొట్టు ఒక చెంచా గ్లాసెడు నీటిలో కలిపి వెంటనే త్రాగాలి. గోధుమ తవుడు కొందరికి ఉబ్బరాన్ని పెంచుతుంది.

విరేచనాలు ప్రధానమైతే: లోపెరమైడ్ విరేచనాలను తగ్గిస్తుంది కాని నొప్పిని అంతగా తగ్గించదు. ఆయుర్వేద వైద్యులు కుటజారిష్టం, లేత మారేడు కాయ సూచిస్తారు. వెన్న తీసిన పలుచని మజ్జిగను చరకుడు గ్రహణికి పథ్యంగా ప్రశంసించాడు. పాలు పడనివారు కొన్నాళ్లు మాని చూడవచ్చు.

నొప్పి ప్రధానమైతే: పేగుల బిగువును సడలించే మెబెవెరిన్, పుదీనా జాతి తైలపు గుళికలు వైద్యులు ఇస్తారు. డైసైక్లోమిన్‌ను నీటికాసులు, ప్రోస్టేటు బాధ ఉన్నవారు సొంతంగా వాడరాదు. ఇవేవీ పనిచేయనప్పుడు స్వల్ప మోతాదు అమిట్రిప్టిలిన్ మేలు చేస్తుందని 2023లో లాన్సెట్ పత్రికలో వెలువడిన బ్రిటన్ పరిశోధన తెలిపింది. ఇది మానసిక వ్యాధి అని కాదు. పేగులకూ మెదడుకూ గల నరాల సంబంధం వల్లనే అది పనిచేస్తుంది. వైద్యుని సలహా లేనిదే మొదలుపెట్టరాదు.

హెచ్చరిక: విరేచనంలో రక్తం, కారణం లేని బరువు తగ్గుదల, రక్తహీనత, జ్వరం, నిద్ర లేపే విరేచనాలు, యాభై యేళ్లు దాటాక కొత్తగా మొదలైన మార్పు, కుటుంబంలో పేగు క్యాన్సరు చరిత్ర - వీటిలో ఏ ఒక్కటి ఉన్నా దానిని గ్రహణి అని సరిపెట్టుకోకండి. ఆ ఇంటి వైద్యాన్ని పక్కనబెట్టి, వెంటనే పరీక్షలు చేయించుకోండి. పేగు క్షయ, క్యాన్సరు కూడా తొలిదశలో ఇలాగే కనిపించవచ్చు. మజ్జిగ ఎంత మంచిదైనా వాటికి మందు కాదు.