మందు డబ్బా మీది రాత ఎవరి కోసం?

పురుగుమందుతో ప్రమాదం జరిగినప్పుడల్లా వినిపించే మాట ఒకటే: రైతుకు చదువు లేదు, డబ్బా మీద రాసింది చదువుకోలేదు అని. చదువు లేని మాట నిజమే. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి అనంతపురం జిల్లా అక్షరాస్యులు నూటికి 64 మంది లోపే, ఆడవాళ్ళలో సుమారు 54 మందే. 2022లో శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చిన హిందూపురం, పెనుకొండ, ధర్మవరం అప్పుడు ఆ జిల్లాలోవే. కాని చదువొచ్చినవాడికైనా ఆ రాత అందుతోందా అని మేము అడుగుతున్నాం.

1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టం కింద 1971లో వచ్చిన నియమాల ప్రకారం ప్రతి మందుతోనూ కరపత్రం ఇవ్వాలి. అది హిందీ, ఇంగ్లీషులతో పాటు స్థానిక భాషలోనూ ఉండాలి. ఉంటుంది కూడా, మడతలు పెట్టిన పలచని కాగితం మీద, చీమల బారులాంటి అక్షరాల్లో! పైగా డబ్బా కొనేది రైతు, మందు కొట్టేది కూలీ, నీళ్ళు మోసేది ఆడకూలీ. కాగితం మాత్రం కొన్నవాడి జేబు దాటి రాదు. చిల్లరగా వేరే సీసాలో పోసిచ్చిన మందుకైతే రాతే లేదు.

అక్షరం రానివాళ్ళకూ పనికొచ్చే గుర్తు డబ్బా మీద ఒకటుంది. మూల మీద నిలబెట్టిన చదరం అది. దాని కింది సగం ఎర్రగా ఉంటే అతి విషం, పసుపైతే దాని తరువాతది, నీలమైతే మధ్యరకం, ఆకుపచ్చయితే వాటికన్నా తక్కువ. ఈ రంగు చెప్పేది మనిషికి ఎంత ప్రమాదమో, పురుగు ఎంత గట్టిగా చస్తుందో కాదు. ఎర్ర గుర్తుదే కావాలని అడిగి కొనడం దండగ.

పట్టుపురుగులు పెంచే రైతును చూడండి. మందు కొట్టిన మల్బరీ ఆకు గడువు తీరకుండా కోసి వేస్తే పురుగు చంద్రిక ఎక్కకముందే చస్తుంది. అందుకే సంతకం రానివాడు కూడా "ఎన్నాళ్ళు ఆగల్ల?" అని అంగట్లో అడిగి తెలుసుకుంటాడు. పక్క చేను మందు గాలికి వస్తే పోట్లాటకు దిగుతాడు. శెనక్కాయ చేలో మందు కొట్టిన కూలీ వాంతులతో పడుకుంటే మాత్రం ఎండదెబ్బ అని సరిపెడతారు. పురుగుకున్న జాగ్రత్త మనిషికి లేకపోయె!

2017లో మహారాష్ట్రలోని యవత్మాళ్ జిల్లాలో పత్తికి మందు కొట్టి 20 మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు. చూపు మసకబారి, నోట చొంగ కారి, కనుపాప సూదిమొనంత చిన్నదయితే అది ఎండదెబ్బ కాదు. తడిసిన బట్టలు విప్పి, ఒళ్ళు సబ్బుతో కడిగి, మనిషితో పాటు డబ్బానూ ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఏ మందో తెలిస్తే డాక్టరుకు విరుగుడు ఇవ్వడం తేలిక.

నెల్లూరు జిల్లాలో 1990ల మొదట్లో రాత్రిబడికి పోయిన ఆడవాళ్ళు వాచకంలో తమ బతుకే కనిపించాక సారా అంగళ్ళ మీదికి కదిలారు. మన ఊళ్ళలో పెట్టే వయోజన పాఠాల్లో మందు డబ్బా ఎందుకు ఉండకూడదు? ప్రభుత్వం ఆ పాఠం పెట్టాలి, కంపెనీలు అక్షరాలు పెద్దవి చేయాలి. అంతదాకా కూలి మాట్లాడుకునే రోజే చేతి తొడుగులు, సబ్బు, మూతికి గుడ్డ ఎవరిస్తారో తేల్చుకోండి. కొట్టబోయే ముందు రాత్రి ఆ కరపత్రాన్ని బడికి పోయే పిల్లలతో గట్టిగా చదివించండి. డబ్బాను మాత్రం వాళ్ళ చేతికి ఇవ్వొద్దు.