పౌరుష గ్రంథి క్యాన్సర్ తిరగబెడితే... దానిమ్మ, టమాటా పనిచేస్తాయా?

కక్కలపల్లి టమాటా మండీలో మొన్న ఒక రైతు పక్కకు పిలిచి అడిగాడు. "ఏం సార్, మా నాయనకు పౌరుష గ్రంథి ఆపరేషనై మూడేండ్లాయె. మళ్లీ రక్తంలో ఏదో పెరిగిందంట. దానిమ్మ పొడి, సోయా పొడి తాపితే తగ్గుతాదని ఒకాయన చెప్తా ఉండాడు. నెలకు ఎనిమిది వేలంట. పెయ్యదూడను అమ్మి కొందామా?"

దానిమ్మ, టమాటా మన జిల్లా పంటలే. మన పంటలో మందుందంటే ఎవరికి సంతోషం కాదు! అయితే పెయ్యదూడను అమ్మేముందు కొన్ని సంగతులు తెలుసుకోవాలి.

పౌరుష గ్రంథి (ప్రొస్టేట్) మగవారిలో మూత్రాశయం కింద ఉంటుంది. దీనికి క్యాన్సర్ వస్తే ఆపరేషన్ చేస్తారు, లేదా రేడియేషన్ ఇస్తారు. మన ఊళ్లలో కరెంటు పెట్టడం అంటారే, అదే. ఆ తర్వాత జబ్బు తిరగబెట్టిందా లేదా అని చూడటానికి పిఎస్ఏ అనే రక్త పరీక్ష ఉంది. ఆపరేషన్ అయినవారిలో ఈ అంకె దాదాపు సున్నాకు రావాలి. అది 0.2కు చేరి, రెండోసారి చూసినా అంతే ఉంటే తిరగబెట్టినట్లు లెక్క. రేడియేషన్ తీసుకున్నవారికి లెక్క వేరు. అంతకు ముందు ఎంత తక్కువకు దిగిందో దానికి 2 కలిపి చూస్తారు.

ఇక దానిమ్మ సంగతి. 2006లో అమెరికాలోని లాస్ ఏంజిలెస్ వైద్యులు, చికిత్స తర్వాత పిఎస్ఏ పెరుగుతున్న యాభై మందిలోపు మగవారికి రోజూ పెద్ద గ్లాసుడు దానిమ్మ రసం ఇచ్చారు. పిఎస్ఏ రెట్టింపు కావడానికి మునుపు 15 నెలలు పట్టేది, రసం తాగాక 54 నెలలు పట్టింది. లోకమంతా ఈ వార్త మోగిపోయింది. పొడి అమ్మేవాళ్లు ఇప్పటికీ చూపించే కాగితం ఇదే.

కానీ మీరు ఒక్కటి ఆలోచించండి. కొత్త మందు పనిచేసిందో లేదో తెలియాలంటే మనం ఏం చేస్తాం? పక్కనే రెండు సాళ్లు మందు కొట్టకుండా వదులుతాం. వాన పడి పురుగు దానంతటదే పోతే, మందు కొట్టని సాలులో కూడా పోతుంది. ఆ 2006 పరీక్షలో మందు కొట్టని సాలు లేదు. తర్వాత 183 మందితో అలాంటి సాలు వదిలి మళ్లీ చూశారు. కొందరికి దానిమ్మ రసం, కొందరికి దానిమ్మ సారం, కొందరికి దానిమ్మ లేని పానీయం ఇచ్చారు. 2015లో ఫలితాలు వచ్చాయి. ఉత్త పానీయం తాగినవారిలోనూ రెట్టింపు గడువు పెరిగింది. చెప్పుకోదగ్గ తేడా తేలలేదు.

సోయాదీ అదే కథ. ఆపరేషన్ తర్వాత తిరగబెట్టే ప్రమాదం ఎక్కువున్న 177 మందిని తీసుకుని, సగం మందికి రెండేళ్లపాటు రోజూ 20 గ్రాముల సోయా మాంసకృత్తుల పొడి ఇచ్చారు. 2013లో ప్రకటించిన లెక్క ప్రకారం సోయా తిన్నవారిలో 27.2 శాతం మందికి, తిననివారిలో 29.5 శాతం మందికి తిరగబెట్టింది. ఈ కాస్త తేడాను తేడాగా లెక్కించరు.

టమాటాలో లైకోపిన్ అనే ఎరుపు పదార్థం ఉన్నమాట నిజం. నూనెలో మగ్గితే అది ఒంటికి బాగా పడుతుంది. మన టమాటా పప్పు, ఊరిబిండి చాలు. మాత్రలు తిరగబెట్టడాన్ని ఆపుతాయని రుజువు కాలేదు.

మాత్ర మంచి చేయకపోయినా చెడు చేయదులే అనుకోకండి. ఆరోగ్యంగా ఉన్న 35 వేలమందికి పైగా మగవారితో అమెరికా, కెనడాల్లో పెద్ద పరీక్ష చేశారు. రోజూ 400 యూనిట్ల విటమిన్-ఇ మింగినవారిలో ఈ క్యాన్సర్ 17 శాతం ఎక్కువగా వచ్చిందని 2011లో తేలింది. మోతాదు మించిన పసుపు మాత్రలతో కాలేయం దెబ్బతిన్నవారూ ఉన్నారు. కూరలో చిటికెడు పసుపుకు ఈ భయం లేదు.

ఇంకో సంగతి. 'బయో' సీసాలో రసాయన మందు కలిపి అమ్మడం మనం చూస్తున్నదే. మనుషుల మందులోనూ అదే జరిగింది. ఎనిమిది మూలికల మందని 1990లలో అమెరికాలో 'పీసీ-స్పెస్' అనే గొట్టాలు అమ్మారు. పిఎస్ఏ నిజంగానే దిగింది! పరీక్ష చేస్తే అందులో స్త్రీ హార్మోన్‌లా పనిచేసే మందు, రక్తం పలచబరిచే వార్ఫరిన్ బయటపడ్డాయి. 2002లో మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. కాబట్టి పొడి తిని అంకె దిగినా, ఎందుకు దిగిందో డాక్టరుతో చూపించుకోవాలి.

మరి తిండికి విలువే లేదా? ఉంది, వేరే చోట ఉంది. తిరగబెట్టినవారిలో చాలామందికి మగ హార్మోన్‌ను తగ్గించే ఇంజక్షన్లు వేస్తారు. వాటితో ఎముకలు గుల్లబారతాయి, కండ తగ్గి కొవ్వు పెరుగుతుంది, షుగరు కూడా రావచ్చు. ఇక్కడ సంగటి ముద్ద పనికొస్తుంది. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. పెరుగు, మజ్జిగ, నువ్వులు, ఆకుకూరలు, ఉలవలు, శెనక్కాయలు తినాలి. దానిమ్మను రసం తీయకుండా గింజలుగానే తినడం మంచిది, షుగరు ఉన్నవారు మరీనూ. రోజూ నడవాలి. బీడీ మానాలి. పొగతాగేవారిలో ఈ జబ్బు తిరగబెట్టడం ఎక్కువని తేలింది. బీడీ మానడానికి పైసా ఖర్చు లేదు, అయినా మనవాళ్లు చేసే ఆఖరి పని అదే.

ఎనిమిది వేలు చేతిలో ఉంటే ముందు పరీక్షకు, బస్సు చార్జీకి వాడుకోవాలి. చికిత్స తర్వాత మొదటి ఐదేళ్లు మామూలుగా 6 నుంచి 12 నెలలకోసారి పిఎస్ఏ చూస్తారు. డాక్టరు ఇంకా ముందే రమ్మంటే ముందే పోవాలి. ఆపరేషన్ తర్వాత తిరగబెట్టినా అంకె తక్కువగా ఉన్నప్పుడే రేడియేషన్ ఇస్తే ఫలితం బాగుంటుంది. పొడులు తింటూ ఆర్నెల్లు పోగొట్టుకుంటే ఆ అదను మళ్లీ రాదు. క్యాన్సర్ చికిత్సలు ఎన్టీఆర్ వైద్య సేవలో ఉన్నాయి, ఆసుపత్రిలో వైద్యమిత్రను అడగండి.

ఇప్పటికే ఏదైనా పొడి, కషాయం వాడుతుంటే దాచొద్దు. ఆ డబ్బా తీసుకెళ్లి డాక్టరు బల్ల మీద పెట్టండి. పిఎస్ఏ కాగితాలన్నీ తేదీల వారీగా ఒకే కవరులో ఉంచుకోవాలి. ప్రతిసారీ ఒకే ల్యాబులో చేయిస్తే అంకెలు పోల్చి చూడటం తేలిక.