లేఖినియే జీవనాధారముగా - ఆఫ్రా బెన్

కవి రాజాశ్రయమున జీవించుట మనకు పరిచితమైన విషయమే. ప్రభువు మెచ్చి అగ్రహారమో కనకమో ఇచ్చినచో కవి కుటుంబమునకు లోటుండెడిది కాదు. రుసుము చెల్లించి వచ్చిన ప్రేక్షకుని మెప్పును, పుస్తకవిక్రేత ఇచ్చు పైకమును నమ్ముకొని రచయిత జీవించుట వేరొక మార్గము. 17వ శతాబ్దపు ఇంగ్లండులో ఈ మార్గము నింకను సరిగా నలుగకమునుపే ఒక స్త్రీ దానిని సాహసించి చేపట్టెను. ఆమెయే ఆఫ్రా బెన్.

1666లో, హాలెండుతో యుద్ధము జరుగుచుండగా, రెండవ చార్లెస్ రాజు ప్రభుత్వ మామెను గూఢచారిణిగా ఆంట్వెర్పు నగరమునకు పంపెను. పంపినవారు ఖర్చులకు సొమ్ము మాత్రము పంపరైరి. ఆమె అప్పుచేసి లండను చేరుకొనెను. ఋణదాతలు చెరసాల పాలు చేయుదుమని బెదరింపగా రాజునకు విన్నపములు వ్రాసికొనెను. రాజసేవ అన్నము పెట్టదయ్యెను. 1670లో ఆమె తొలి నాటకము లండను రంగస్థలముపై ప్రదర్శింపబడెను.

నాటి నాటకకర్తకు జీతము లేదు. మొదటి రెండు ప్రదర్శనల రాబడి నాటకసమాజమునకు చెందెడిది. మూడవ ప్రదర్శనపు రాబడిలో ఖర్చులు పోగా మిగిలినది రచయితది. రెండవనాడే నాటకము నిలిచిపోయినచో నెలల శ్రమకు దక్కునది శూన్యము. పిదప నాటకమును అచ్చువేయుటకు పుస్తకవిక్రేత కొంత మొత్తమిచ్చి ప్రతిని కొనెడివాడు. రచయితల హక్కును గుర్తించిన చట్టము 1710లో గాని అమలునకు రాలేదు. కావున పునర్ముద్రణముల లాభము రచయితకు చేరెడిది కాదు.

ఈ కష్టములకు తోడు స్త్రీకి నింద అదనము. పురుషులు వ్రాసిన సరసపు సన్నివేశములకు నవ్విన ప్రేక్షకులే ఆమె నాటకములను అశ్లీలములని దూషించిరి. 1678లో అచ్చయిన యొక నాటకపు పీఠికలో ఆమె దీనికి సూటిగా సమాధానమిచ్చెను. తాను పొట్టకూటికై వ్రాయవలసి వచ్చినదనియు, ఆ మాట చెప్పుకొనుటకు సిగ్గుపడననియు దాని సారాంశము. కులీన స్త్రీలు తమ రచనలను మిత్రులలో మాత్రమే వ్రాతప్రతులుగా పంచుకొను కాలమున ఇట్లు పలుకుట సామాన్యము కాదు.

1682లో లండనునందలి రెండు నాటకసమాజములును ఏకమయ్యెను. పోటీ పోవుటతో క్రొత్త నాటకములకు గిరాకి తగ్గెను. ఆమె పద్యములు, కథలు, అనువాదములు చేపట్టెను. తన పద్యసంపుటమునకు మరి యైదు పౌనులు చేర్చి యిమ్మని ప్రచురణకర్త టాన్సనును బ్రతిమాలుచు వ్రాసిన లేఖ యొకటి కలదు. 1685 ఆగస్టులో ఆరు పౌనుల అప్పునకు రాబోవు నాటకపు రాబడినే తాకట్టు పెట్టినట్లు ఆమె వ్రాసియిచ్చిన పత్రమును కలదు. బానిసగా అమ్ముడుపోయిన ఆఫ్రికా రాకుమారుని కథ “ఒరూనోకో” వెలువడినది 1688లో. దానిని సదర్న్ అను నాటకకర్త 1695లో రంగస్థలముపై రక్తికట్టించునాటికి ఆమె జీవించి లేదు.

అన్నమునకై వ్రాసినను ఆమె అన్నిటిని అమ్ముకొనలేదు. 1689లో తాను అభిమానించిన జేమ్సు రాజు పదచ్యుతుడు కాగా, క్రొత్త రాజగు విలియమును కీర్తింపుమని బర్నెట్ అను మతాచార్యుడు ప్రోత్సహించెను. ఆమె అప్పటికి రోగపీడిత, నిరుపేద. ఐనను సవినయముగా నిరాకరించెను. జేమ్సు కుమార్తెయైన మేరీ రాణికి మాత్రము స్వాగతపద్యము వ్రాసెను. ఆ యేటి ఏప్రిలు 16న మరణించెను.

ఆమె సమాధి వెస్ట్‌మినిస్టర్ ఆబీ ప్రాకారమంటపమునందు కలదు. స్త్రీ తన భావమును వెలిబుచ్చుటకు హక్కును సంపాదించిపెట్టినది ఈమెయే గనుక స్త్రీలెల్లరు ఆ సమాధిపై పూలుంచవలెనని వర్జీనియా వుల్ఫ్ 1929లో అభిప్రాయపడెను. రచన కూలికి అర్హమైన పనియని తన బ్రతుకుతో నిరూపించుటయే ఆఫ్రా బెన్ తరువాతివారికి విడిచిన ఆస్తి.