భువనగిరి బండనుండి ఎవరెస్టునకు

2014 మే 25న, తెలంగాణ రాష్ట్రమేర్పడుటకు ఎనిమిది దినముల ముందు, నిజామాబాదు జిల్లా పాకాల గ్రామబాలిక మాలావత్ పూర్ణ ఎవరెస్టు శిఖరమును అధిరోహించెను. ఆమెకప్పటికి 14 ఏండ్లు నిండలేదు. ఖమ్మం జిల్లా బాలుడు సాధనపల్లి ఆనంద్ కుమార్ ఆమెకు తోడుగా నుండెను. ఇరువురును సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు. వారు తొలుత ఎక్క నేర్చినది భువనగిరి కోటబండ. పిదప డార్జిలింగులోను లడఖులోను శిక్షణ పొందిరి. 16 ఏండ్లు నిండనివారిని నేపాలు ప్రభుత్వము అనుమతింపదు. కావున టిబెట్టు వైపునుండి ఎక్కిరి.

అంతటి పర్వతమును ఏకబిగిని ఎక్కరాదు. ఎత్తు పెరిగినకొలది గాలి పలుచనగును. శిఖరముపై వాయుపీడనము సముద్రమట్టమున నుండు దానిలో మూడవవంతు మాత్రమే. అందుచే కొంత పైకెక్కి, మరల దిగివచ్చి విశ్రమింతురు. తరువాత ఇంకొంత పైకి పోవుదురు. చూచువారికిది వృథాశ్రమగా తోచవచ్చును. కాని ఇట్లు కొన్ని వారములు గడచిన పిమ్మట రక్తమున ఎర్రకణములు వృద్ధియై, శరీరము ఆ గాలికి అలవడును. తలనొప్పి, వాంతి కలిగినచో దాచక చెప్పవలెను. మార్గదర్శి దిగుమనినచో, శిఖరము కన్నులయెదుట నున్నను దిగవలసినదే.

త్రాళ్లు కట్టువారు, ప్రాణవాయువు సీసాలు మోయువారు షెర్పాలు. ఎక్కినవారి పేర్లు పత్రికల కెక్కును. వీరి పేర్లు అరుదుగా వినబడును. ఆ యేటనే ఏప్రిల్ 18న నేపాలు వైపు ఖుంబు హిమానీనదముపై మంచుగడ్డలు విరిగిపడి, ఇట్టి శ్రామికులు 16 మంది మరణించిరి.