అభినయమునకు ఏ మేను తగును?

పిల్లకు నాట్యము నేర్పింపవలెనని ముచ్చటపడిన ఇంటిలో మొట్టమొదట బయలుదేరు చర్చ పిల్ల తాళజ్ఞానమును గూర్చి కాదు, రూపమును గూర్చి. "మేనిఛాయ తక్కువ", "బొద్దుగా నున్నది, అడుగు లేచునా?", "ఇంత పొడుగు పిల్ల ప్రక్కన ఎవరిని నిలుపుదురు?" ఇట్టి మాటలు చుట్టములు పలుకుదురు, ఒక్కొక్కయెడ గురువులును పలుకుదురు. పిల్ల తలుపు చాటున వినుచునే యుండును. ఆ పిల్ల మరల నాట్యము మాట ఎత్తదు. ఎందుకు ఎత్తుట లేదో ఇంటివారికి తెలియదు. ఈ మాటలలో శాస్త్రము పాలెంత, అలవాటు పాలెంత అని కొంచెము విచారింప దలచినాము. ఈ విచారణకు ఒక గురువు జీవితము మాకు మిక్కిలి ఆధారమైనది. ఆమె మదరాసు నగరమున అభినయమును బోధించిన శ్రీమతి కళానిధి నారాయణన్.

ముందుగా శాస్త్రమును చూతము. నందికేశ్వరుని "అభినయదర్పణము" నర్తకులు తరతరములుగా వల్లెవేయుచున్న గ్రంథము. అందు నర్తకి సన్నని మేను కలిగి, రూపవతియై, యౌవనవతియై, విశాలనేత్రములు కలదై యుండవలెనని చెప్పబడినది. అంతటితో ఆగక, నాట్యమునకు తగనివారిని పది విధములుగా లెక్కించినారు: కంట పువ్వు వేసినది, జుట్టు లేనిది, పెదవులు లావైనది, వక్షము జారినది, మిక్కిలి లావైనది, మిక్కిలి చిక్కినది, మిక్కిలి పొడుగైనది, మిక్కిలి పొట్టియైనది, గూనిది, కంఠస్వరము లేనిది. శాస్త్రమున ఇట్టిది లేదని బుకాయించుట మాకు సమ్మతము కాదు, ఉన్నది. అయితే ఆ గ్రంథమే నర్తకిని వర్ణించుటకు ముందు సభను, సభాపతిని వర్ణించినది. కొలువుతీరిన ప్రభువు కంటికి ఇంపుగా నుండవలెననుట ఆ పట్టిక వెనుకనున్న చూపు. ప్రభువులు పోయిరి, పట్టిక మాత్రము మన చావడులలో మిగిలినది.

ఆ గ్రంథముననే, ఆ చోటికి కొంచెము దిగువనే, పాత్రకు పది ప్రాణములు చెప్పబడినవి. వీనిని మాత్రము ఎవరును చుట్టములకు చదివి వినిపింపరు. వడి, నిలుకడ, రేఖ, భ్రమరి, దృష్టి, శ్రమ తోపకుండుట, మేధ, శ్రద్ధ, వాక్కు, గీతము: ఇవి ఆ పది. ఇందు మేనిఛాయ లేదు, బరువు లేదు, ఎత్తు లేదు. రేఖ దేహమునకు సంబంధించినదే కదా యని ఎవరైన అడుగవచ్చును. నిజమే. కాని రేఖ యనగా అవయవములు ఒండొంటితో పొందికగా నిలుచు తీరు. అది లావుపాటి దేహమునకును సాధనచే పట్టుబడును, సన్నని దేహమునకును సాధన లేనిచో పట్టుబడదు. శాస్త్రమును ప్రమాణముగా చూపువారు ప్రాణములను విడిచి పట్టికను పట్టుకొనుట మాకు వింతగా తోచును.

ఇక కళానిధి జీవితము. ఆమె 1928 డిసెంబరులో ఒక బ్రాహ్మణ కుటుంబమున జన్మించిరి. ఆనాడు అట్టి ఇండ్ల ఆడపిల్ల గజ్జె కట్టుట తలవంపుగా భావింపబడుచుండెను. అయినను తల్లి పట్టుదలచే ఏడవయేట శిక్షణ ఆరంభమైనది. నృత్తమును కాంచీపురము కన్నప్ప మొదలియారు వద్దను, అభినయమును చిన్నయ్యనాయుడు, మైలాపూరు గౌరి అమ్మాళ్ వద్దను, పదములను జావళులను వీణ ధనమ్మాళ్ కుమార్తె కామాక్షి అమ్మాళ్ వద్దను అభ్యసించిరి. పదములను శ్రద్ధగా విను శ్రోతలకు బృంద, ముక్త సోదరీమణుల పేర్లు సుపరిచితములు. వారు ఈ కామాక్షి అమ్మాళ్ కుమార్తెలే. పండ్రెండవయేట మదరాసు సెనేట్ హవుసులో తొలి ప్రదర్శన జరిగినది. పిదప తల్లి గతించినది. పదునారవయేట వివాహమైనది. నాట్యము అక్కడితో ఆగిపోయినది.

ఆగినది ఒకటి రెండేండ్లు కాదు, దాదాపు ముప్పదియేండ్లు. సంసారము, పిల్లలు, వంటయిల్లు. 1973లో కళాపోషకులు వై.జి. దొరైస్వామి, అలర్మేల్ వల్లి యను యువనర్తకికి అభినయము నేర్పవలసినదిగా ఆమెను కోరిరి. కుమారులు ప్రోత్సహించిరి. అప్పటికి ఆమె నలుబదియైదవయేట నడచుచున్న గృహిణి. రంగస్థలమునకు కావలసిన యౌవనము గడచిపోయినది. అడవులు చేసి చూపవలసిన పని ఆమె పెట్టుకొనలేదు. చేతిలో మిగిలినవి బాల్యమున నేర్చిన పదములు, ముప్పదియేండ్ల గృహజీవితమున చూచిన మనుష్యులు. ఆ పెట్టుబడితో ఆమె అభినయమును ఒక ప్రత్యేక విద్యగా బోధింప నారంభించిరి. ఇతర గురువుల వద్ద నృత్తము నేర్చి వచ్చినవారు ఈమె వద్ద పదములు నేర్చిరి. మాళవికా సరుక్కై, ప్రియదర్శిని గోవింద్ వంటి ప్రసిద్ధ నర్తకులు ఆ శిష్యులలోని వారే. 1985లో పద్మభూషణ పురస్కారము లభించినది. 2016 ఫిబ్రవరిలో ఆమె పరమపదించిరి.

ఆమె బోధనలో మాకు ముఖ్యముగా తోచిన అంశమొకటి కలదు. సాధారణముగా గురువు చేసి చూపును, శిష్యురాలు అట్లే చేయును. అభినయమున ఈ పద్ధతి త్వరలోనే చెడును. ఒకరి కనుబొమ్మ మరియొకరి నుదుట అతికించినట్లుండును. కళానిధి పదముయొక్క మాటమాటకు అర్థము విప్పి, నాయిక యెవరు, ఆమె వయస్సెంత, ఎవరితో పలుకుచున్నది, ఏల పలుకుచున్నది అని తరచి, తరువాత సంచారిని శిష్యురాలే ఊహించి చేయవలెననెడివారు. ఉదాహరణమునకు, "అతడింకను రాలేదు" అను భావముగల ఒక పాదమున్నదనుకొందము. గాయని దానిని ఐదారు మారులు పాడును. మారుమారునకు నర్తకి క్రొత్త అర్థము చూపవలెను. ఒకతె వాకిటి వైపు చూచును. ఒకతె చూడకుండుటకు ప్రయత్నించును. మరియొకతె పెట్టిన దీపమును తగ్గించి నవ్వి ఊరకుండును. గుండ్రని ముఖముపై ఆ నవ్వు ఒక తీరుగా పండును, కోలముఖముపై వేరొక తీరుగా పండును. గురువు పని ఆ రెండవ తీరును మొదటి తీరుగా మార్చుట కాదు. ఈ దృష్టితో చూచినచో శిష్యురాలి దేహము సరిదిద్దవలసిన తప్పు కాదు, పాఠమునకు ముడిసరకు.

ఈ పదములలో చాలభాగము మన తెలుగువే యని మన యిండ్లలో తరచు మరచిపోవుదురు. పదునేడవ శతాబ్దమునాటి క్షేత్రయ్య తన పదములను మువ్వగోపాలునకు అంకితము చేసెను. ఆ మొవ్వ కృష్ణాజిల్లాలోనిది, కూచిపూడికి పొరుగూరు. అరవదేశపు నర్తకీమణులు ఆ పదములను తరతరములుగా గుండెలో దాచి నిలిపిరి. క్షేత్రయ్య నాయికలందరు పదునారేండ్ల ముగ్ధలు కారు. అనుభవము పండిన ప్రగల్భలు ఎందరో కలరు. కోపమును వెటకారముగా మార్చి పలుకు ప్రౌఢలు కలరు. అట్టి నాయికను చిన్నపిల్ల అభినయించినచో చూచుటకు ముద్దుగా నుండును. అంతకుమించి ఏమియు నుండదు. అక్కడ కావలసినది కొంత బ్రదుకు చూచిన ముఖము. సత్యజిత్ రాయ్ 1976లో నిర్మించిన "బాల" చిత్రమున ఏబదియేండ్లు దాటిన బాలసరస్వతి సముద్రతీరమున యశోదయై కృష్ణుని పిలుచును. ఆ చిత్రమును చూచినవారు ఆమె నడుము కొలత గుర్తుంచుకొనియుందురని మేము అనుకొనము.

కూచిపూడి యందు మరియొక సాక్ష్యము కలదు. అచ్చట సత్యభామ వేషమును శతాబ్దముల తరబడి మగవారే ధరించిరి. వేదాంతం సత్యనారాయణశర్మ జడ చేతబట్టి రంగమున నిలిచినప్పుడు అది పురుషదేహమని ప్రేక్షకులెరుగరా? ఎరుగుదురు; ఎరిగియే సత్యభామను చూచిరి.

మేము రేడియోవారము గనుక ఈ విషయమున మాకొక పక్షపాతము కలదని చదువరులు అనవచ్చును. మైకు ముందు కూర్చున్న గాయని లావో సన్నమో ఎవరికిని పట్టదు; పదము సాగుచుండగా వినువాని మనస్సున నాయిక తానుగా రూపము ధరించును. అభినయమున దేహము కనబడునుగదా యన్నచో, మంచి అభినయమున నాలుగు నిముషములు గడచిన పిదప కనబడునది నాయికయే యని మా అనుభవము.

అట్లని దేహమును లెక్కపెట్టనక్కరలేదని మా భావము కాదు. నృత్తమున లెక్కపెట్టియే తీరవలెను, కాని అందము కొరకు కాదు, కీళ్ళ కొరకు. అరమండిని చూడుడు. తొడలు వెలుపలికి తిరుగుట తుంటి కీలు వద్ద జరుగవలెను. తుంటి గిన్నె లోతు, తొడయెముక తిరిగియున్న కోణము ఒక్కొక్కరికి ఒక్కొక్క తీరున నుండును. వానిని ఏ గురువును మార్చజాలడు. అందరి పాదములు ఒకే కోణమున విచ్చుకొనవలెనని పట్టుబట్టినచో తుంటి వద్ద తిరుగని భాగమును మోకాలు మెలికపడి పూరించును. నొప్పి అక్కడనే మొదలగును. కావున మోకాలు పాదపు వ్రేళ్ళకు నేరుగా వచ్చునంత మేరకే పాదములు విప్పవలెను. బరువుగల పిల్లకు అడుగు తట్టు లెక్కను నెలనెలకు కొంచెముగా పెంచవలెను. ఆమెను తిండి మానుమనుట నాట్యబోధ కాదు. ఎదుగు వయస్సున అది ఎముకలకు అపకారము.

పిల్లను చేర్పింపదలచినవారు ఒకనాడు గోడవారగా కూర్చుండి తరగతిని చూచి రావలెనని మా సూచన. నేల సిమెంటుదైనచో చాపయో చెక్కయో పరచినారా, మోకాలు నొచ్చినదని చెప్పిన పిల్లను కూర్చుండనిచ్చినారా, వెనుక వరుసలో ఎప్పుడును ఒకే పిల్లలు నిలుచుచున్నారా, గురువు పదమునకు అర్థము చెప్పుచున్నారా అని గమనింపుడు. వెనుక వరుసలోని పిల్ల పేరు గురువునకు తెలియునో లేదో కూడ వినుడు.