సైనిక నర్సుల జీతము

ఇంటిలో నొకరికి జ్వరము వచ్చినచో రాత్రియెల్ల మేలుకొని నుదుట తడిగుడ్డ వేయునదియు, వేళకు మందిచ్చునదియు, గంజి కాచి పోయునదియు సాధారణముగా స్త్రీయే. ఆ పనికి వెల కట్టు ఆచారము మనకు లేదు. కాని ఆ పనినే శాస్త్రోక్తముగా చదివి నేర్చి, సైనికుల కొఱకు చేయు స్త్రీలు మన దేశమున కలరు. వారి పనికి ప్రభుత్వము వెల కట్టినది. ఆ వెల యెట్లున్నదో మనము తెలిసికొనదగును.

1888వ సంవత్సరము మార్చి నెలలో ఇంగ్లండు నుండి పదిమంది నర్సులు బొంబాయి రేవున దిగిరి. మన దేశమున సైనిక నర్సింగు సేవకు అదియే ఆరంభము. 1926లో ఇండియన్ మిలిటరీ నర్సింగు సర్వీసు ఏర్పడెను. ఈ శాఖలోని నర్సు లెఫ్టినెంటుగా ప్రవేశించి, క్రమముగా మేజరు జనరలు పదవి వఱకు పోవచ్చును.

సైన్యమున నున్నవారికి మూలవేతనమునకు తోడుగా 'సైనిక సేవా వేతనము' అనునది బ్రిగేడియరు హోదా వఱకు ముట్టును. ఇది చదువునకు గాని పనితనమునకు గాని యిచ్చు బహుమానము కాదు. యూనిఫారము తొడిగినవారు పొమ్మన్న చోటికి పోవలెను; ఇష్టము వచ్చినపుడు ఉద్యోగము మానుటకు వీలులేదు; బిడ్డలను విడిచి యుండవలసి వచ్చును. ఇతరోద్యోగములందు లేని ఈ కష్టములకు ప్రతిఫలమే ఆ సొమ్ము.

ఇక లెక్క చూడుడు. ఆరవ వేతన సంఘము తరువాత నెలకు ఇతర సైనికాధికారులకు 6,000 రూపాయలు, నర్సింగు అధికారిణులకు 4,200 రూపాయలు నిర్ణయింపబడెను. 2016 జనవరి 1 మొదలు ఏడవ సంఘపు లెక్కలో వారికి 15,500, వీరికి 10,800. భేదము 1,800 నుండి 4,700కు పెరిగినది. పాతకాలపు లెక్కలో చెప్పవలెనన్న, వారికి రూపాయి యైనచోట వీరికి రెండుసార్లును రమారమి పదకొండణాలే.

నర్సు యుద్ధము చేయదు కదా యని కొంద ఱందురు. సైనిక వైద్యుడును యుద్ధము చేయుటకు పోడు. అయినను ఆయనకు 15,500 రూపాయలు నిండుగా లభించినవి. అదిగాక, సొంత వైద్యవృత్తి చేసికొనరాదు గనుక మూలవేతనములో నూటికి 20 వంతున వేరొక భత్యము గూడ వచ్చినది. దానికి మనకు అసూయ లేదు. వైద్యుని చదువు దీర్ఘమైనది. కాని ఆ చదువునకు విలువ మూలవేతనములో చేరియే యున్నది.

వైద్యులలో కొందఱు పటాలముతో సరిహద్దులకు పోవుదురనియు, నర్సు ఆసుపత్రిలోనే యుండుననియు మఱియొక సమాధానము. నిజమే. కాని కఠినమైన స్థలములకు వేరుగా భత్యము లున్నవి. నగరపు ఆసుపత్రిలో పనిచేయు వైద్యునకు సైనిక సేవా వేతనము తగ్గింపరు. అట్లయిన అదే వార్డులో, అదే రాత్రి, అదే క్షతగాత్రుని ప్రక్క నిలిచిన నర్సు కష్టము మాత్రము పదకొండణాల దెట్లయ్యెను?

జీతమున నొకటే కాదు. పెండ్లి యాడిన నర్సును ఉద్యోగము నుండి తొలగించు నిబంధన ఒకటి 1995 వఱకు ఉండెను. అట్లు 1988లో ఉద్యోగము పోయిన యొక అధికారిణికి 60 లక్షల రూపాయలు ఇప్పించుచు సుప్రీము కోర్టు 2024 ఫిబ్రవరిలో ఆ నిబంధన అన్యాయమని తేల్చినది. న్యాయము దొరకుటకు ముప్పదియైదేండ్లు దాటినవి.

తల్లులారా! మీ కుమార్తె ఈ సేవకు పోదు ననినచో తక్కువగా నెంచకుడు; అది గౌరవమైన వృత్తి. కాని కుమారుని ఉద్యోగమునకు జీతమెంత, నియమము లెట్టివి యని యడుగునట్లే కుమార్తె విషయమునను అడుగుడు. సేవ పుణ్యకార్యమే. పుణ్యమని చెప్పి కూలిలో నాలుగైదణాలు కోయుట మాత్రము పుణ్యము కాదు.