కోర్టు కాగితం వస్తే దాచిపెట్టకండి

 

ఈసారి గోడ పత్రికకు కథ రాద్దామనుకున్నాను. కానీ మా ఇంట్లో జరిగిన ఒక సంగతి వల్ల కోర్టు మాటల గురించి రాస్తున్నాను. చివరిదాకా చదవండి. మీ ఇంటికి కూడా ఎప్పుడైనా పనికొస్తుంది.

వేసవి సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు మా నాయనమ్మ ఇంటి కప్పు సందులోంచి ఒక కాగితం తీసింది. "ఎనిమిది అయిపోయింది గదా బిడ్డా, ఇది సదువు" అంది. మా ఇంట్లో నాకంటే ముందు బడికి పోయినవాళ్ళు ఎవరూ లేరు. అందరూ నా చుట్టూ కూర్చున్నారు. నేను గట్టిగా చదివాను. దావా, వాది, ప్రతివాది, "హాజరు కాని యెడల ఏకపక్షముగా" అని ఉంది. అక్షరాలన్నీ చదివాను గానీ ఒక్క మాట అర్థం కాలేదు. "ఏం రాసిండ్రు?" అని నాయన అడిగాడు. నేను తల వంచుకున్నాను. చదువు వచ్చి కూడా చెప్పలేకపోయినందుకు చాలా సిగ్గేసింది.

అసలు సంగతి ఏమిటంటే, నాయన పత్తి పెట్టుబడికి టౌనులో ఒక వ్యాపారి దగ్గర అప్పు తెచ్చాడు. ప్రోనోటు మీద వేలిముద్ర వేశాడు. వానలకు పత్తి పోయింది. అప్పు తీరలేదు. కొన్నాళ్ళకు ఈ కాగితం వచ్చింది. అది జైలుకు తీసుకుపోయే కాగితం అనుకొని నాయనమ్మ కప్పులో దాచింది. దాచితే కేసు కూడా పోతుంది అనుకున్నారు. కేసు పోలేదు. కోర్టు చెప్పిన తారీఖు మాత్రం దాటిపోయింది.

బడి తెరిచాక మా హాస్టల్లో న్యాయ విజ్ఞాన సదస్సు పెట్టారు. దానికి పారా లీగల్ వాలంటీర్ అక్క ఒకరు వచ్చారు. పారా లీగల్ వాలంటీర్ అంటే వకీలు కాదు. ప్రజలకు చట్టం గురించి చెప్పి, వకీలు దగ్గరికో, న్యాయ సేవల ఆఫీసుకో దారి చూపించే మనిషి. నేను భయపడుతూనే లేచి కాగితం జిరాక్స్ చూపించాను. అక్క ఒక్కో మాట విడమరిచి చెప్పారు. ఆ మాటలే కింద రాస్తున్నాను.

1. సివిల్ కేసు, క్రిమినల్ కేసు: అప్పు, భూమి, ఆస్తి, మనోవర్తి లాంటి తగాదాలు సివిల్. కొట్టడం, దొంగతనం, మోసం లాంటి నేరాలు క్రిమినల్. సివిల్ కేసునే దావా అంటారు.

2. వాది, ప్రతివాది: దావా వేసినవాడు వాది. ఎవరి మీద వేశారో ఆయన ప్రతివాది. ప్రతివాది అంటే తప్పు చేసినవాడు అని కాదు, జవాబు చెప్పుకోవాల్సినవాడు అని. మా నాయన ప్రతివాది.

3. నిందితుడు, దోషి: ఇవి క్రిమినల్ కేసు మాటలు. నేరం చేశాడని ఎవరిమీద ఆరోపణ ఉందో అతను నిందితుడు. ముద్దాయి అని కూడా అంటారు. కోర్టులో నేరం రుజువైతేనే దోషి. పోలీసులు పట్టుకుపోగానే దోషి అయిపోడు.

4. సమను, వారంటు: ఫలానా తారీఖున కోర్టుకు రమ్మని పిలిచే కాగితం సమను. మనిషిని పట్టి తెమ్మనే ఆర్డరు అరెస్టు వారంటు. నాయనమ్మ దాచింది సమను. ఇక్కడ ఒక కొత్త సంగతి ఉంది. ముందు క్రిమినల్ కేసుల్లో మనిషి ఇంట్లో లేకపోతే సమను ఆ ఇంటి పెద్ద మగవాళ్ళకే ఇవ్వాలని చట్టంలో ఉండేది. 2024 జులై 1 నుంచి కొత్త చట్టం వచ్చాక ఇంట్లో ఉండే పెద్ద ఆడవాళ్ళకు కూడా ఇవ్వొచ్చు. అంటే అమ్మకు, నాయనమ్మకు కూడా ఈ మాటలు తెలియాలి.

5. వాయిదా, ఏకపక్షం: కోర్టు ఇచ్చిన తారీఖు వాయిదా. ఆ రోజు ప్రతివాది గానీ ఆయన వకీలు గానీ పోకపోతే, వాది చెప్పింది మాత్రమే విని తీర్పు ఇవ్వొచ్చు. అదే ఏకపక్షం. వకీళ్ళు ఎక్స్‌పార్టీ అంటారు. ఫుట్‌బాల్ ఆటకు ఒక జట్టు రాకపోతే వచ్చిన జట్టు గెలిచినట్టే. కానీ సరైన కారణం చూపిస్తే దాన్ని రద్దు చేసి మళ్ళీ వినమని అడగొచ్చు. ఆలస్యం మాత్రం చేయకూడదు.

6. డిక్రీ, జప్తు: సివిల్ కేసులో కోర్టు తేల్చి ఇచ్చే ఆర్డరు డిక్రీ. డిక్రీ ప్రకారం డబ్బు కట్టకపోతే ఆస్తిని స్వాధీనం చేసుకోవడం జప్తు. అయితే అన్నీ జప్తు చేయకూడదు. కట్టుబట్టలు, వంట గిన్నెలు, పరుపు, రైతు నాగలి, బతుకుదెరువుకు అవసరమని కోర్టు అనుకున్న ఎద్దులు ముట్టకూడదు. ఏజెన్సీలో గిరిజనుల భూమి గిరిజనేతరుల పేరు మీదికి మారడం 1 ఆఫ్ 70 చట్టం ప్రకారం చెల్లదు. 1959 నాటి రెగ్యులేషన్‌ను 1970లో మార్చారు గనక దానికి ఆ పేరు వచ్చింది. ఇంకో మాట. చేతిలో ఉండి కూడా ఎగ్గొట్టేవాళ్ళ సంగతి వేరు. పేదరికం వల్ల అప్పు కట్టలేని మనిషిని జైల్లో పెట్టకూడదని సుప్రీం కోర్టు 1980లో చెప్పింది.

7. వకాల్తా: నా తరఫున ఈ వకీలు మాట్లాడతారు అని మనం సంతకం చేసి ఇచ్చే కాగితం.

8. ఎఫ్.ఐ.ఆర్.: నేరం గురించి పోలీసులు మొదట రాసుకునే రిపోర్టు. మనం నోటితో చెప్పినా రాసుకోవాలి, రాసింది మనకు చదివి వినిపించాలి. కాపీ ఉచితంగా ఇవ్వాలి. నేరం వేరే స్టేషన్ పరిధిలో జరిగినా ఫిర్యాదు తీసుకోవాలి.

9. రిమాండు, బెయిలు: అరెస్టు చేసిన మనిషిని, దారి ప్రయాణం కాక, 24 గంటల లోపల మేజిస్ట్రేట్ ముందుకు తీసుకుపోవాలి. ఇది రాజ్యాంగం 22వ అధికరణంలో ఉంది. కేసు నడుస్తుండగా కస్టడీలో ఉంచమని మేజిస్ట్రేట్ ఇచ్చే ఆర్డరు రిమాండు. పిలిచినప్పుడు వస్తాననే షరతు మీద వదలడం బెయిలు. బెయిలు వస్తే కేసు కొట్టేసినట్టు కాదు.

10. నిశాని: అంటే వేలిముద్ర. సంతకంతో సమానం. తెల్లకాగితం మీద ఎప్పుడూ వేయకూడదు. చదివి వినిపించాకే వేయాలి.

"మరి వకీలుకు డబ్బులెక్కడివి అక్కా?" అని అడిగాను. 1987లో చేసిన న్యాయ సేవల చట్టం ప్రకారం షెడ్యూల్డ్ తెగలవాళ్ళకు, షెడ్యూల్డ్ కులాలవాళ్ళకు, ఆడవాళ్ళకు, పిల్లలకు ఉచితంగా వకీలును ఇస్తారని చెప్పారు. మనకు ఆదాయం లెక్క కూడా అడగరు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టుకోవాలి. 15100 నంబరుకు ఫోను చేసినా చెబుతారు.

నాయన పోయి దరఖాస్తు పెట్టాడు. ఉచితంగా ఇచ్చిన వకీలు ఏకపక్ష తీర్పు రద్దు చేయమని పిటిషన్ వేశారు. ఇంకా తేలలేదు. మేం అప్పు తీసుకున్నది నిజమే, కాదనడం లేదు. కానీ ఎంత తీసుకున్నాం, ఎంత కట్టాం, కాగితం మీద ఎంత రాశారు అన్నది మేం పోయి చెబితేనే కదా కోర్టుకు తెలిసేది! పోకపోతే అవతలివాళ్ళు చెప్పిందే లెక్క అవుతుంది.

దసరా సెలవుల్లో మళ్ళీ అందరినీ కూర్చోబెట్టి ఆ కాగితం చదివాను. ఈసారి ఒక్కో మాటకు అర్థం కోయలో చెప్పాను. నాయనమ్మ అంతా విని, "అయితే నా కొడుకు దొంగ కాదు గదా" అంది. "కాదు నాయనమ్మా, ప్రతివాది" అన్నాను. ఆమె చాలా రోజుల తర్వాత నవ్వింది. ఇప్పుడు ఆ కాగితం కప్పులో లేదు. రేషన్ కార్డుతో పాటు ప్లాస్టిక్ కవరులో పెట్టె లోపల ఉంది. వాయిదా తారీఖు గోడ మీద బొగ్గుతో రాశాను.

స్నేహితులారా! మనలో చాలామంది ఇళ్ళల్లో మొదట చదువుకున్నది మనమే. కాగితం వస్తే మన చేతికే ఇస్తారు. అర్థం కాకపోతే సిగ్గుపడి ఊరుకోవద్దు. అడగండి. ఈసారి సెలవులకు పోయినప్పుడు ఇంట్లో ఏమైనా కాగితాలు దాచారేమో చూడండి. ఉంటే, తారీఖు దాటకముందే తీసుకురండి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని